కాగితంలో పెద్దవాడు

పాతపట్నం దగ్గర, మన ఊరు,
2025 నవంబరు 9, ఆదివారం.

చిన్నోడికి అమ్మ దీవెనలు.

ప్రభువు ఆ గోడల లోపల కూడా నిన్ను కనిపెట్టుకుని ఉన్నాడన్న నమ్మకంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఇక్కడ నేనూ, మీ నాన్నా క్షేమం. అలా రాయడం పద్ధతి కాబట్టి రాశాను. ఒంట్లో బాగానే ఉంది గాని నాకు కడుపు మండిపోతోంది. ఆ మంట మీదే రాస్తున్నాను కాబట్టి మాటలు కాస్త గట్టిగా పడతాయి, ఓర్చుకో.

ములాఖత్‌లో చెప్పొచ్చు కదా అంటావు. అక్కడ అద్దానికి అటు నువ్వు, ఇటు నేను ఫోను పట్టుకుని కూర్చుంటాం. తిన్నావా అని నేనడుగుతాను, నువ్వు తిన్నావా అని నువ్వడుగుతావు, ఇంతలో గంట కొట్టేస్తారు. నేను చెప్పవలసింది పావుగంటలో అయ్యేది కాదు. పైగా నీ ముఖం చూస్తే నాకు నోరు రాదు. ఈ ఉత్తరం నీకంటే ముందు జైలు ఆఫీసులో ఒక సారు చదువుతాడని నాకు తెలుసు. చదవనీ. ఆయనకీ పిల్లలుంటారు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. తెల్ల మేక ఈనింది, రెండు పిల్లలు, రెండూ పోతులే. నీ క్రికెట్ బ్యాటు అటక మీదే ఉంది. పక్కింటి వాళ్ళు తమ పిల్లాడికి అడిగారు, నేనివ్వలేదు. నాన్న భోగాపురంలోనే ఉన్నాడు, విమానాశ్రయం దగ్గర తాపీ పని. పదిహేను రోజులకొకసారి వస్తాడు, వచ్చిన పూటంతా మేకలకి ఆకు కోస్తాడు. నేను బడిలో మధ్యాహ్న భోజనం వండుతూనే ఉన్నాను. నూట పన్నెండు మంది పిల్లలు. కంచంలో ఎంత అన్నం పెట్టించుకుంటాడో చూసి ఏ పిల్లాడికి ఎన్నేళ్ళో చెప్పేస్తానని పంతులమ్మలు నన్ను ఆట పట్టిస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు సిగ్గుగా ఉంటుంది. ఎందుకో కింద చెబుతాను.

నీ పక్కనే కాల్పుల్లో పోయిన దుర్గ వాళ్ళమ్మకి ఎవరైనా కబురు చెప్పారా అని అడిగావు. ఎవరూ చెప్పలేదు. ఆమె కూతురి మరణం పేపర్లో ఫోటో చూసి తెలుసుకుంది. నేను పోయిన నెల ఒడిశా బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చాను. ఆమె పేరు గున్నమ్మ. కూలికి వెళుతుంది. నేను ఫలానా అని చెబితే తిడుతుందేమో అనుకున్నాను, పీట వేసి మంచినీళ్ళిచ్చింది. నీ కొడుకు బతికున్నాడా అని అడిగింది. ఉన్నాడన్నాను. తరవాత పెట్టెలోంచి ఆ పేపరు ముక్క తీసి చూపించింది. అందులో ఎదురుకాల్పుల్లో ఒక మహిళ హతం అని ఉంది. ఆమె ఏడవలేదు, ఆ మహిళ అన్న మాట మీద వేలు పెట్టి చూపించింది.

"నా పిల్లకి ఇంకా ఓణీ కూడా ఎయ్యలేదమ్మా. మహిళ అని రాసీసినారు," అంది.

పద్నాలుగేళ్ళ పిల్ల. బతికున్నప్పుడు దానికి తుపాకి ఇచ్చినవాళ్ళు దాన్ని పెద్దమనిషిని చేసేశారు, చంపినవాళ్ళు మహిళని చేసేశారు. పిల్లగా ఉండడానికి దానికి ఏ వైపూ చోటు లేకపోయింది. తిరుగు బస్సులో నేను పళ్ళు నూరుకుంటూ వచ్చాను. పక్క సీటు ముసలాయన ఒంట్లో బాలేదా అమ్మా అని అడిగాడు.

ఇప్పుడు నీ ఉత్తరం సంగతికి వస్తాను. నాలుగుసార్లు చదివాను. "నేను పిల్లాడిని కాను. పద్దెనిమిది నిండాకే పట్టుబడ్డాను. చేసినదానికి నిలబడతాను. లాయరుతో పిల్లాడినని చెప్పించి నా పరువు తియ్యకు" అని రాశావు. మీ కమాండర్ అన్న అలాగే చెప్పేవాడని, పట్టుబడినా తల వంచకూడదని నేర్పాడని రాశావు. చదువుతుంటే ఆ ఉత్తరం చింపి పొయ్యిలో పడేద్దామనిపించింది.

అన్న అంటున్నావే, అతను నీకు ఎక్కడి అన్న? మన ఇళ్ళల్లో అన్న అంటే తమ్ముడి చేత బరువు మోయించడు, తను మోస్తాడు. వాగు దాటేటప్పుడు తను ముందు దిగి లోతు చూస్తాడు. మీ అన్న మిమ్మల్ని ముందు దింపాడు. నువ్వూ, దుర్గా కాపలా రాయి దగ్గర ఉన్నారు, పెద్దవాళ్ళంతా వెనక గుట్ట మీద ఉన్నారు. కాల్పులు మొదలవగానే వాళ్ళు అటు నుంచి అటే వెళ్ళిపోయారు. ఇదంతా నిన్ను మొదటిసారి కోర్టుకి తెచ్చినప్పుడు నువ్వు చెప్పిందే. చెప్పేటప్పుడు గొప్పగా చెప్పావు, మమ్మల్ని నమ్మి కాపలా ఇచ్చారని. నమ్మి కాదురా. పోతే పోయేది మీరని ఇచ్చారు. వాళ్ళ ఆశయాలు గొప్పవే కావచ్చు, పేదవాళ్ళ గురించి నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, నేను పేదదాన్నే. పదమూడేళ్ళ పిల్లాడి భుజాన తుపాకి తగిలించి ఆశయం అంటే మాత్రం నేను ఒప్పుకోను.

వాళ్ళ మీదే కోపమనుకోకు. మొదట నిన్ను పాడు చేసింది యూనిఫాం లేకుండా సంతకి వచ్చిన ఆ పోలీసు మనిషి. మేకలు తోలుకుని కొండెక్కే పిల్లాడివని చూసి, నీకు బిస్కట్ ప్యాకెట్లు కొనిపెట్టి, చేతిలో ఫోను పెట్టాడు. కొత్త మనుషులు కనిపిస్తే ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వమన్నాడు. నువ్వు ఆ ఫోను జేబులో వేసుకుని పెద్ద ఆఫీసరులా తిరిగావు. నేను అడిగితే దొరికిందన్నావు, నేను నమ్మాను. పిల్లాడి చేత కాపలా కాయించుకుని జీతం తీసుకునే ఆ మనిషి, ఆ తరవాత మన గుమ్మం వైపు తిరిగి చూడలేదు. అతనికీ మీ అన్నకీ నాకేమీ తేడా కనబడదు.

దళం మన ఇంటికి వచ్చిన రోజు గుర్తుందా? పట్టపగలు, నేను చింతపండు పిక్కలు తీస్తున్నాను. ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడపిల్ల. ఆ పిల్లే దుర్గ అని తరవాత తెలిసింది. తుపాకి దానికంటే పొడుగ్గా ఉంది. నీ ఫోను సంగతి వాళ్ళకి తెలిసిపోయింది. వాళ్ళలో పెద్దవాడు ఎంతో మర్యాదగా నులకమంచం మీద కూర్చుని, నేనిచ్చిన నీళ్ళు తాగి చెప్పాడు.

"మీ వోడు మాతో ఉంటే బతుకుతాడమ్మా. ఇక్కడుంటే ఎవులో ఒకలు సంపేత్తారు."

నేను కాళ్ళు పట్టుకున్నాను. మీ నాన్న పట్టుకున్నాడు. నువ్వు మాత్రం పట్టుకోలేదు. చెప్పులు వేసుకుని సిద్ధంగా నిలబడ్డావు. ఆ రోజు నీ మీద వచ్చిన కోపం నాకు ఇంకా పోలేదు. తరవాత ఆలోచిస్తే అర్థమైంది. బడిలో నువ్వు పొట్టివాడివని, మీసం రాలేదని, లెక్కలు రావని అందరూ ఏడిపించేవారు. పదో తరగతిలో దేనికైనా అందరికంటే చివర నిలబడేవాడివి. నిన్ను మొదటిసారి వరసలో ముందు నిలబెట్టింది వాళ్ళే. అందుకే వెళ్ళావు. ఆ ఏడిపింపులకి కారణం నేను.

ఇన్నాళ్ళూ దాచిన మాట ఇదే. లాయరు ఉమాశంకర్ గారు ప్రభుత్వం తరఫున ఉచితంగా నీ కేసు చూస్తున్న మనిషి. మొదటిసారి నీ ఫోటో చూడగానే కళ్ళజోడు తీసి, మీ అబ్బాయికి నిజంగా ఎన్నేళ్ళమ్మా అని అడిగారు. సర్టిఫికెట్‌లో ఉన్నట్టే అన్నాను. రెండోసారీ అలాగే అన్నాను. మూడోసారి ఆయన విసుక్కోకుండా, నేరం జరిగిన నాటికి పద్దెనిమిది నిండకపోతే ఈ కోర్టు కాదు, ఈ జైలు కాదు, పిల్లల బోర్డు ముందుకి వెళ్ళాలి, నీ కొడుకు జీవితం ఆ ఒక్క తేదీ మీద ఉంది అన్నారు. అప్పుడు చెప్పాను. నీకు చెప్పకుండా ముందు ఆయనకి చెప్పినందుకు తప్పు నాదే.

చిన్నోడా, నీ దగ్గరున్న పుట్టిన తేదీ సర్టిఫికెట్ నీది కాదు. అది మీ అన్నది.

నీకొక అన్న ఉండేవాడు. 2006 అక్టోబరులో గజపతినగరం దగ్గర మీ నాన్న ఊళ్ళో ఉండగా ఆస్పత్రిలో పుట్టాడు. వాడికి జేమ్స్ అని పేరు పెట్టాం. ఏడో నెలలో జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడు. అక్కడి సంఘం సమాధుల తోటలో పెట్టాం. ఆ ఊళ్ళో ఉండలేక నేను మా అమ్మ ఊరు వచ్చేశాను, నా వెనకే మీ నాన్న. రెండేళ్ళకి, 2009 ఆగస్టులో వర్షాలకి వాగు పొంగి దారి తెగిపోతే నువ్వు ఇంట్లోనే పుట్టావు. మా అమ్మే బొడ్డు కోసింది. నీకూ జేమ్స్ అనే పేరు పెట్టాలని పట్టు పట్టింది నేనే. పోయినవాడు తిరిగొచ్చాడని నా పిచ్చి. ఇంట్లో మాత్రం చిన్నోడా అనే పిలిచేదాన్ని. మరి పెద్దోడెవరే అని నువ్వు అడిగినప్పుడల్లా పనుందని లేచిపోయేదాన్ని.

పెద్దవాడి పేరు రేషను కార్డులోంచి కొట్టించలేదు. చనిపోయాడని ఎక్కడా రాయించలేదు. కొట్టెయ్యమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నీకు సర్టిఫికెట్ కోసం పంచాయతీ ఆఫీసుకి వెళితే, ఇంట్లో పుట్టినవాడికి ఆ కాగితం కావాలి, ఈ సాక్ష్యం కావాలి అని మూడుసార్లు తిప్పారు. నాలుగోసారి గుమాస్తా కార్డు చూసి, "ఇందులో జేమ్స్ అని ఉన్నాడు కదమ్మా, ఈడే కదా?" అన్నాడు.

"ఆడేనండి," అన్నాను.

అంతే. ఒక్క మాట. ఆ మాటతో వాడి ఆస్పత్రి తేదీ మీదే నీకు సర్టిఫికెట్ రాసిచ్చాడు, రెండేళ్ళ పది నెలలు ఎక్కిపోయాయి. నాలుగేళ్ళయినా నిండని నిన్ను ఆ కాగితం పట్టుకుని ఒకటో తరగతిలో పడేశాను. నేను జీడిపప్పు ఒలవడానికి వెళ్ళాలి, నిన్ను చూసేవాళ్ళు లేరు. హెడ్మాస్టరుకి పిల్లల లెక్క తక్కువై బడి మూతపడే భయం. కాగితం చూసి, నిన్ను చూసి, ఆరున్నరేళ్ళవాడు ఇంతే ఉన్నాడేమిటమ్మా, కూడు పెట్టడం లేదా అని నన్నే తిట్టి చేర్చుకున్నాడు. నీ పక్కన కూర్చున్నవాళ్ళంతా నీకంటే మూడేళ్ళు పెద్ద. వాళ్ళకి వచ్చిన అక్షరం నీకు రాకపోతే మాస్టారు కొట్టారు. నీకు తెలివి లేదనుకున్నావు. తెలివి లేక కాదురా, నీకింకా ఆ ఈడు రాలేదు.

ఇంకొక్కటి ఉంది, ఇది అన్నిటికంటే పెద్దది. ఇదంతా చదివాక, నీ వయసు పోలీసులు కావాలని పెంచి రాశారని నువ్వనుకోవచ్చు. నిన్ను చూసిన ఏ మనిషికైనా పద్దెనిమిది కావని తెలుస్తుంది, వాళ్ళకి తెలియలేదంటే నేను నమ్మను. పెద్దవాడివైతే వాళ్ళకి పని సుళువు. అయినా వాళ్ళు సొంతంగా రాయలేదు. నిన్ను పట్టుకున్న మర్నాడు ఒక అధికారి ఇంటికి వచ్చి, మీ అబ్బాయికి పద్దెనిమిది నిండాయా అని అడిగాడు. నేను పెట్టె తీసి ఆ సర్టిఫికెట్ చేతిలో పెట్టి, నిండాయి బాబూ అన్నాను. కాగితంలో ఉన్నదే చెప్పాలన్నది మనకి ఒంటికి పట్టిపోయింది. కార్డులో జ్ఞానసుందరి అనీ ఆధార్‌లో జ్ఞానసుందరమ్మ అనీ ఉన్నందుకే నాకు నాలుగు నెలలు బియ్యం ఆపేశారు. నోటి మాటకీ కాగితానికీ తేడా వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. చచ్చిపోయినవాడి కాగితం వాడామని తెలిస్తే నన్నూ మీ నాన్ననీ కూడా తీసుకుపోతారని భయపడ్డాను. నా భయం కోసం నిన్ను పెద్దవాళ్ళ జైలుకి పంపాను. పదకొండు నెలలు నోరు మూసుకున్నాను. మీ కమాండర్ అన్నని తిట్టాను, ఆ సంత మనిషిని తిట్టాను, నిన్నూ తిట్టాను. తిట్టవలసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు జరుగుతున్నది విను. నువ్వు ఎప్పుడు పుట్టావో తేలాలంటే ముందు పెద్దవాడు పోయాడని తేలాలని ఉమాశంకర్ గారు అన్నారు. మీ నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. వెనకాల మిక్సరు మిషను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"సచ్చిపోయినోడిని మళ్ళీ సంపమంటావేటే?" అన్నాడు.

"ఆడు పోయి పద్దెనిమిదేళ్ళు దాటినాది. నాను బతికున్నోడి కోసం సెప్తన్నాను," అని అరిచాను. వంటషెడ్డులో నూట పన్నెండు మంది పిల్లలూ తినడం ఆపి నన్ను చూశారు.

మూడు రోజులు ఫోన్ చెయ్యలేదు. నాలుగో రోజు, ముందే చెప్పినట్టు నేను బస్సు దిగేసరికి ఆయనే పని మానేసి గజపతినగరం బస్టాండులో నా కోసం నిలబడి ఉన్నాడు. ఇద్దరం సమాధుల తోటకి వెళ్ళాం. ముళ్ళపొదలు కమ్మేసి ఉన్నాయి. మీ నాన్న సంచీలోంచి తాపీ తీసి ఆ చిన్న సిమెంటు సిలువ మీద నాచు గీకాడు. ఆ సిలువ పోసింది ఆయనే. తడి సిమెంటు మీద మేకుతో తనే రాశాడు. జేమ్స్, ఏడు నెలలు, 2007 మే అని అక్షరాలు చక్కగా బయటపడ్డాయి. వెంట వచ్చిన లాయరు గారి గుమాస్తా ఫోటోలు తీశాడు. అక్కడి పాస్టరు గారు భూస్థాపన పుస్తకంలో ఉన్నది రాసి సంతకం పెట్టి ఇచ్చారు. మీ నాన్న ఆ సిలువ పట్టుకుని కూర్చుని ఏడ్చాడు. పెద్దవాడు పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవలేదు.

మరణం నమోదుకి దరఖాస్తు పెట్టాం. ఆఫీసులో ఒకాయన, ఇన్నేళ్ళూ ఏం చేశారమ్మా అని నవ్వాడు. నా కొడుకుని బతికించుకుంటున్నానండి అన్నాను. నవ్వు ఆపేశాడు. కాగితం వచ్చేదాకా ఆగకుండా, నా ప్రమాణ పత్రంతో ఈ నెల ఇరవై అయిదున కోర్టులో నీ వయసు గురించి అర్జీ వేస్తున్నారు. తప్పుడు కాగితం వాడినందుకు నా మీద కేసు పెడితే పెట్టనీ. బడి వాళ్ళు వంట పనిలోంచి తీసేస్తే తియ్యనీ.

భయమల్లా నీతోనే. జడ్జిగారు నిన్ను అడుగుతారు. అప్పుడు నువ్వు రొమ్ము విరుచుకుని పంతొమ్మిది అంటే నా కష్టమంతా బూడిదలో పోస్తావు. నీకు పంతొమ్మిది లేవు. పదహారేళ్ళ మూడు నెలలు. ఆ రాయి దగ్గర తుపాకితో దొరికిన రోజున నీకు పదిహేను. వాళ్ళు తీసుకుపోయిన రోజున పదమూడు నిండి రెండు నెలలు. పిల్లాడివని ఒప్పుకోవడంలో నీ పరువేమీ పోదు. పోతే నీ చేత ఆ పని చేయించినవాళ్ళ పరువు పోవాలి. నువ్వు నోరు మూసుకుని పెద్దవాడిలా శిక్ష అనుభవిస్తే వాళ్ళు నీ పేరు చెప్పుకుని ఇంకొక ఇంటి గుమ్మంలో నులకమంచం మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతారు.

చెప్పడం నీకిష్టం లేకపోతే ఊరుకో. నేనక్కడే ఉంటాను. నువ్వు పంతొమ్మిది అన్నావో, లేచి నిలబడి, నా కొడుకు అబద్ధం చెబుతున్నాడండి అంటాను. అందరి ముందూ అంటాను. నీ పరువు తియ్యద్దని బతిమాలావు కదా, తీస్తాను. నీకు కోపం వస్తే ములాఖత్‌కి రానని చెప్పు, అయినా ప్రతి వారం వచ్చి బయట కూర్చుంటాను. పెద్దవాడివైతే నీ మాట నీకు చెల్లేది. పదహారేళ్ళ పిల్లాడి అనుమతి నాకు అక్కర్లేదు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ,
జ్ఞానసుందరి